ఫోన్ బరువు కాదు, చెయ్యి బరువు చూడండి: థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు స్మార్ట్‌ఫోన్ గైడ్

ఏ ఫోన్ రివ్యూలో అయినా బరువు గురించి ఒక లైన్ ఉంటుంది. 170 గ్రాములైతే "చేతిలో తేలిగ్గా ఉంది" అంటాం, 230 దాటితే "కాస్త బరువే" అంటాం. నా కుడి చేతికి థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అని తేలిన తర్వాత ఆ లైన్ రాసేటప్పుడు నేను ఆగి ఆలోచిస్తున్నా. ఎందుకంటే ఈ సమస్య ఉన్నవాళ్లకు ఫోన్ ఎన్ని గ్రాములన్నది రెండో ప్రశ్న. ఆ ఫోన్ పట్టుకోవడానికి చెయ్యి ఎంత ఎత్తుకు లేపాలి, ఎంతసేపు గాలిలో ఉంచాలి అన్నదే మొదటి ప్రశ్న.

ఈ ఆర్టికల్‌లో అసలు ఈ జబ్బు ఏమిటి, దెబ్బ తగిలిన తర్వాత ఎందుకు వస్తుంది, ఫోన్ వాడకంతో ఎలా ముదురుతుంది, ఏ సెట్టింగ్స్ పనికొస్తాయి, ఏ గాడ్జెట్లు కొనాలి, ఏవి కొనకూడదు అన్నీ చూద్దాం. పేరు పెద్దగా ఉంది కాబట్టి ఇక నుంచి టీఓఎస్ అని రాస్తా.

టీఓఎస్ అంటే ఏమిటి?

మెడ కింద కాలర్ బోన్ మీద వేలు పెట్టి చూడండి. దాని వెనకాలే, కాస్త లోపల, మొదటి పక్కటెముక ఉంటుంది. ఈ రెండు ఎముకల మధ్య ఉన్నది చాలా ఇరుకు సందు. చేతికి పోయే నరాల గుత్తి, రక్తం తీసుకుపోయే ధమని, రక్తం వెనక్కి తెచ్చే సిర ఈ ప్రాంతం నుంచే చేతిలోకి దిగుతాయి. మెడ పక్కన ఉండే స్కేలీన్ కండరాలు దీనికి గోడల్లా ఉంటాయి. ఆ గోడలు బిగుసుకున్నా, ఎముక ఆకారం మారినా లోపల పోయే "కేబుల్స్" నలుగుతాయి. చార్జర్ వైరు తలుపు సందులో పడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, దాదాపు అదే పరిస్థితి.

ఏది నలిగిందన్న దాన్ని బట్టి ఇది మూడు రకాలు:

- నరాల రకం: టీఓఎస్ కేసుల్లో 90 శాతానికి పైగా ఇవే. తిమ్మిరి, గుంజుడు, పట్టు తగ్గడం దీని లక్షణాలు.
- సిర రకం: చెయ్యి ఉన్నట్టుండి వాచి, నీలంగా మారుతుంది. లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.
- ధమని రకం: అన్నిటికంటే అరుదు. చెయ్యి చల్లబడి, పాలిపోతుంది.

థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అనే పేరు 1956 నుంచి వాడుకలో ఉంది. కొంతమందికి పుట్టుకతోనే మెడ దగ్గర అదనంగా ఒక చిన్న పక్కటెముక ఉంటుంది. దాన్ని సర్వైకల్ రిబ్ అంటారు. అది ఉన్న చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కానీ సందు ముందే ఇరుకుగా ఉన్న మనిషికి పైన దెబ్బ తగిలితే సమస్య బయటపడే అవకాశం పెరుగుతుంది.

దెబ్బ తగ్గిపోయింది, మరి ఈ తిమ్మిరి ఎందుకు?

నాది బండి మీది నుంచి పడ్డ కేసు. ఆత్మకూర్ నుంచి జూరాల దిక్కు పోతుంటే కుక్క అడ్డం వచ్చింది, కుడి భుజం మీద పడ్డా. కాలర్ బోన్ విరిగింది. స్లింగ్‌లో ఆరు వారాలు పెట్టారు, బొక్క అతుక్కుంది, ఎక్స్‌రే చూసి బాగుంది అన్నారు. మూడు నెలలు గడిచాక చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారడం మొదలైంది. ముంజేయి లోపలి వైపు జివ్వుమనేది. ఫోన్ పట్టుకుంటే ఎక్కువ, కింద పెడితే తక్కువ.

ఇలా ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. విరిగిన కాలర్ బోన్ అతుక్కునేటప్పుడు ఆ చోట కొత్త ఎముక గడ్డలా పెరుగుతుంది. ఒక్కోసారి ఎముక కాస్త వంకరగా అతుకుతుంది. అసలే ఇరుకు సందు, అందులో ఈ గడ్డ. ఎముక విరగకపోయినా, కారు లేదా బండి గుద్దినప్పుడు మెడ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటే స్కేలీన్ కండరాలు దెబ్బతిని బిగుసుకుపోతాయి. పైగా నొప్పికి భయపడి భుజాన్ని ముందుకు వంచి దాచుకుంటాం. ఆ అలవాటు నొప్పి తగ్గాక కూడా పోదు.

చిటికెన వేలికే ఎందుకు వస్తుందంటే, చేతికి వచ్చే ఐదు నరాల మూలాల్లో అన్నిటికంటే కిందివి రెండు మొదటి పక్కటెముకను ఆనుకుని పోతాయి. నలిగేటప్పుడు ముందు దొరికేవి అవే. చిటికెన వేలు, ఉంగరపు వేలు, ముంజేయి లోపలి వైపు స్పర్శ ఆ నరాలదే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది ఎక్కువగా మణికట్టు దగ్గర వచ్చే కార్పల్ టనెల్ సమస్య. చిటికెన వేలి వైపు వస్తే మోచేయి దగ్గర నరం నొక్కుకుపోవడం కావచ్చు, మెడలో డిస్క్ కావచ్చు, టీఓఎస్ కూడా కావచ్చు. దీన్ని ఇంట్లో కూర్చుని తేల్చలేం.

ఫోన్‌కూ దీనికీ లింక్ ఎక్కడ?

ఒక మనిషి చెయ్యి మొత్తం, అంటే భుజం నుంచి వేళ్ల దాకా, శరీర బరువులో సుమారు 5 శాతం ఉంటుంది. 70 కిలోల మనిషికి ఒక్క చెయ్యే మూడున్నర కిలోలు. ఇప్పుడు ఫోన్లు చూడండి. శాంసంగ్ గెలాక్సీ ఎస్25 బరువు 162 గ్రాములు, గెలాక్సీ ఎస్25 అల్ట్రా 218 గ్రాములు. తేడా 56 గ్రాములు. ఫోన్ చేతి చివర ఉంటుంది కాబట్టి ఆ 56 గ్రాముల ప్రభావం కాగితం మీద కనిపించేదానికంటే కాస్త ఎక్కువే. అయినా మూడున్నర కిలోల చెయ్యిని గాలిలో నిలబెట్టే పని ముందు అది చిన్న లెక్క.

చెయ్యి పైకెత్తినప్పుడు కాలర్ బోన్ వెనక్కి తిరిగి మొదటి పక్కటెముకకు దగ్గరవుతుంది. సందు ఇంకా ఇరుకవుతుంది. అందుకే డాక్టర్లు ఈ జబ్బును చూసే పద్ధతుల్లో రూస్ పరీక్ష ఒకటి. రెండు చేతులూ పైకెత్తి, మోచేతులు 90 డిగ్రీలు వంచి, మూడు నిమిషాలు పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండమంటారు. నాకు నిమిషం దాటకముందే చెయ్యి దించెయ్యాలనిపించింది.

ఇప్పుడు మన ఫోన్ అలవాట్లు తీసుకోండి. వానాకాలం జూరాల గేట్లు ఎత్తినప్పుడు బ్రిడ్జి మీద అందరూ ఫోన్లు తల పైకి లేపి వీడియో తీస్తారు. కురుమూర్తి జాతరలో జనం మీది నుంచి రథం కనపడాలని చెయ్యి ఇంకా పైకి పోతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని ముఖం మీద ఫోన్ పట్టుకుని రీల్స్ చూస్తాం. ఇవన్నీ మనకు తెలియకుండా మనం చేసుకునే రూస్ పరీక్షలే. మహబూబ్‌నగర్ బస్సులో సీటు దొరక్క పై రాడ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటూ పోవడం కూడా అంతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చెయ్యి పైకెత్తడమే కాదు, బరువుతో కిందికి వేలాడదీయడం కూడా చెడ్డదే. నిండు బిందె, బియ్యం సంచి, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన్ని కిందికి లాగుతాయి, దాంతో నరాలు సాగుతాయి. అంటే చేతికి కావాల్సింది పైకి పోవడమూ కాదు, కిందికి వేలాడడమూ కాదు. చేతికి ఆనిక కావాలి. ఈ ఒక్క మాట అర్థమైతే కింద రాసిన సెట్టింగులు, గాడ్జెట్లు అన్నీ అర్థమవుతాయి.

తల వంచి ఫోన్ చూడడం గురించి కూడా ఒక మాట. అమెరికా సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో వేసిన లెక్క ప్రకారం తల నిటారుగా ఉంటే మెడ మీద పడే బరువు 5 కిలోలు, 60 డిగ్రీలు వంచితే 27 కిలోల దాకా. అది కంప్యూటర్ మోడల్ మీద వేసిన లెక్క, మనుషుల మీద కొలిచింది కాదు. కానీ తల ముందుకు పోతే భుజాలు కూడా ముందుకు ముడుచుకుంటాయన్నది మాత్రం అద్దంలో మనమే చూడొచ్చు.

నా చేతి మీద టెస్ట్: ఏ పొజిషన్‌లో ఎంతసేపు?

బ్యాటరీ టెస్ట్ చేసినట్టే చెయ్యి టెస్ట్ కూడా చేశా. ఒకే ఫోన్, ఒకే వీడియో, తిమ్మిరి మొదలవగానే టైమర్ ఆపడం. ఇవి నా ఒక్క చేతి అంకెలు మాత్రమే, మీవి వేరుగా ఉంటాయి.

- వెల్లకిలా పడుకుని ముఖం మీద పట్టుకుంటే: రెండు నిమిషాల లోపే
- నిలబడి కంటి ఎత్తులో పట్టుకుంటే: సుమారు మూడు నిమిషాలు
- కూర్చుని మోచేయి గాలిలో, ఫోన్ ఛాతీ ఎత్తులో: ఏడెనిమిది నిమిషాలు
- ఒడిలో దిండు పెట్టి, ముంజేయి దాని మీద ఆనించి: అరగంట దాకా ఇబ్బంది లేదు
- ఫోన్ స్టాండ్ మీద కంటి ఎత్తులో, చేతులు ఒడిలో: తిమ్మిరి రాలేదు

ఆ తర్వాత ఇంకో ఫోన్‌తో, 60 గ్రాములు తక్కువ ఉన్నదానితో, మొదటి రెండు పొజిషన్లు మళ్లీ చూశా. తేడా అర నిమిషం కూడా లేదు. దిండు ఇచ్చిన లాభం కొత్త ఫోన్ ఇవ్వలేదు.

ముందు ఫోన్ సెట్టింగ్స్ మార్చండి, ఖర్చు సున్నా

వాయిస్ టైపింగ్: గూగుల్ 2017లోనే తెలుగుకు వాయిస్ టైపింగ్ ఇచ్చింది. జీబోర్డ్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టుకుని మైక్ గుర్తు నొక్కితే చాలు. మాండలికంలో గబగబా మాట్లాడితే తడబడుతుంది, ఊర్ల పేర్లు విరగ్గొడుతుంది. అమరచింత అంటే నా ఫోన్ రెండు ముక్కలుగా రాస్తుంది. అయినా సగం పని తగ్గుతుంది. ఈ ఆర్టికల్‌లో సగానికి పైగా నోటితో చెప్పి రాసిందే. ఫ్యాన్ కింద కూర్చుంటే ఇయర్‌ఫోన్స్ మైక్ వాడండి, తప్పులు తగ్గుతాయి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్: మైక్ బటన్‌ను నొక్కి పట్టుకునే ఉండక్కర్లేదు. నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది, ఆ తర్వాత ఫోన్ కింద పెట్టి మాట్లాడొచ్చు.

వన్ హ్యాండెడ్ మోడ్: పెద్ద స్క్రీన్ పై మూలను అందుకోవడానికి బొటనవేలు సాగదీస్తే భుజం కూడా దాంతో పాటే లేస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి సెట్టింగ్స్‌లో సిస్టమ్, జెశ్చర్స్ లోపల ఈ మోడ్ ఉంటుంది. శాంసంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో చూడండి. ఐఫోన్‌లో దీని పేరు రీచబిలిటీ, యాక్సెసిబిలిటీలో టచ్ లోపల ఉంటుంది.

స్క్రీన్ మీద బటన్లు: పవర్, వాల్యూమ్ బటన్లు గట్టిగా నొక్కడానికి వేళ్లలో బలం చాలకపోతే ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ మెనూ, శాంసంగ్‌లో అసిస్టెంట్ మెనూ, ఐఫోన్‌లో అసిస్టివ్ టచ్ ఆన్ చేయండి. లాక్, సౌండ్, స్క్రీన్‌షాట్ అన్నీ స్క్రీన్ మీదికే వస్తాయి.

బ్యాక్ ట్యాప్: ఐఓఎస్ 14 నుంచి ఐఫోన్ వెనక రెండుసార్లు తడితే మనకు కావాల్సిన పని జరిగేలా పెట్టుకోవచ్చు.

టచ్ అండ్ హోల్డ్ డిలే: వేలు మొద్దుబారినప్పుడు ఎంతసేపు నొక్కామో తెలియదు, మామూలుగా తాకినా లాంగ్ ప్రెస్ అయిపోతుంది. ఈ సెట్టింగ్‌లో టైమ్ పెంచితే ఆ గోల పోతుంది.

యూపీఐ: కొన్ని కిరాణా షాపుల్లో క్యూఆర్ కోడ్ తల పైన గోడకు అంటించి ఉంటుంది. చెయ్యి చాపి స్కాన్ చేయకుండా షాపాయన ఫోన్ నంబర్ అడిగి కొట్టండి. దూరం నుంచి జూమ్ చేసి స్కాన్ చేసినా పడుతుంది.

ఇప్పుడు గాడ్జెట్లు: కొనాల్సినవి

ఫోన్ స్టాండ్. ఈ లిస్ట్‌లో ఒక్కటే కొనమంటే ఇదే చెప్తా. ఎత్తు మార్చుకునే రకం తీసుకోండి, స్క్రీన్ కంటి ఎత్తుకు రావాలి. మడతపెట్టే ప్లాస్టిక్ స్టాండ్ నాలుగైదు వందల లోపే దొరుకుతుంది. మంచానికి బిగించే పొడవు మెడ స్టాండ్ అయితే పడుకుని చూసే అలవాటు ఉన్నవాళ్లకు పనికొస్తుంది, కానీ క్లాంప్ గట్టిదా కాదా చూసి కొనండి. వదులుదైతే ఫోన్ ముఖం మీద పడుతుంది.

ఇయర్‌ఫోన్స్. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడడం ఈ జబ్బుకు విషం లాంటిది. వైర్ ఉన్నవైనా, బ్లూటూత్‌వైనా సరే.

ట్రైపాడ్, బ్లూటూత్ షట్టర్. కెమెరా టెస్టులు నా పనిలో భాగం. ఒకప్పుడు ఒక్కో ఫోన్‌తో గంటసేపు చెయ్యి చాపి ఫొటోలు తీసేవాణ్ని. ఇప్పుడు ట్రైపాడ్ మీద పెట్టి చిన్న రిమోట్‌తో తీస్తా. ఫొటోలు ఇంకా బాగా వస్తున్నాయి, అది వేరే సంగతి. ట్రైపాడ్ లేని చోట అరచెయ్యి చూపిస్తే ఫొటో తీసే ఫీచర్, టైమర్ ఉన్నాయి.

రెండో చేతి మౌస్. కంప్యూటర్ పని ఉంటే మౌస్‌ను మంచి చేతికి మార్చండి. విండోస్‌లో బటన్లు తారుమారు చేసే ఆప్షన్ ఉంది. రెండు వారాలు విసుగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఆలోచించి కొనాల్సినవి, వద్దనాల్సినవి

పోశ్చర్ బెల్ట్: ఆన్‌లైన్‌లో "భుజాలు నిటారు" అని అమ్మేవి. చాలా వాటి పట్టీలు చంక కింది నుంచి, కాలర్ బోన్ మీది నుంచి పోతాయి. అంటే మనకు ఎక్కడ ఒత్తిడి ఉండకూడదో సరిగ్గా అక్కడే. నాది పది నిమిషాల్లో తిమ్మిరెక్కి తీసేశా. ఫిజియోథెరపిస్ట్ చూసి చెప్తే తప్ప తీసుకోవద్దు.

మసాజ్ గన్: మెడ ముందు వైపు, పక్కన దీన్ని వాడకండి. అక్కడ మెదడుకు పోయే రక్తనాళాలు ఉన్నాయి, నలిగిన నరాలు ఉన్నాయి. వీపు మీద వాడడం వేరు, మెడ మీద వాడడం వేరు.

టెన్స్ మెషీన్: చిన్న కరెంటు తాకిడితో నొప్పి తగ్గించే పరికరం. కొంతమందికి కాసేపు హాయిగా ఉంటుంది. కానీ నలుగుడు తగ్గించదు. మెడ ముందు వైపు అంటించకూడదు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు.

స్మార్ట్‌వాచ్: బాగున్న చేతికి పెట్టుకోండి. చెయ్యి పైకెత్తి, హార్ట్ రేట్ పోతుందా అని వాచ్‌లో చూసి "నాకు టీఓఎస్ ఉంది" అనుకోవద్దు. ఏ ఇబ్బందీ లేని చాలామందికి కూడా చెయ్యి కొన్ని కోణాల్లో ఎత్తితే నాడి తగ్గుతుంది. డాక్టర్లే ఒక్క నాడి పరీక్ష మీద తేల్చరు.

క్రాస్ బాడీ ఫోన్ పౌచ్, సైడ్ బ్యాగు: పట్టీ నొప్పి ఉన్న భుజం మీద పడకూడదు. నడుముకు కట్టుకునే పౌచ్ మేలు.

కొత్త ఫోన్ కొంటే ఏం చూడాలి?

ఉన్న ఫోన్ బాగుంటే దీనికోసం మార్చక్కర్లేదు. ఎలాగూ కొనాలి అనుకుంటే మూడు చూడండి. ఒకటి, 180 గ్రాముల లోపు ఉన్నది. ఐఫోన్ 16 బరువు 170 గ్రాములు, మోటో ఎడ్జ్ 50 నియో 171 గ్రాములు. రెండు, వెడల్పు. వెడల్పు ఫోన్‌ను పట్టుకోవాలంటే చిటికెన వేలు కింద ఆనించి మోయాల్సి వస్తుంది, మన బలహీనమైన వేలు అదే. మూడు, బ్యాక్ కవర్ జారనిది. జారే ఫోన్‌ను తెలియకుండానే గట్టిగా పిసుకుతాం.

ఫోల్డబుల్ ఫోన్లలో పుస్తకంలా తెరుచుకునేవి రెండు చేతుల పని, బరువు కూడా. అడ్డంగా మడిచే ఫ్లిప్ రకం మాత్రం సగం మడిచి బల్ల మీద పెడితే తానే స్టాండ్ అవుతుంది. వీడియో కాల్‌కు అది నాకు నచ్చింది.

డాక్టర్ దగ్గర ఏమవుతుంది?

ఈ జబ్బులో అన్నిటికంటే కష్టమైన భాగం పేరు తెలియడమే. నరాల రకంలో నర్వ్ కండక్షన్ పరీక్ష చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. ఎముక అతుక్కుంది, రిపోర్టు నార్మల్, బయటికి చెయ్యి బాగానే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "ఫోన్ జర తక్కువ చూడు, అదే పోతది" అంటారు. నాకు మొదట బీ12 మాత్రలు ఇచ్చారు, తర్వాత మెడ అరుగుదల అన్నారు. హైదరాబాద్‌లో చూపించుకున్నాక, మెడ ఎంఆర్ఐ, ఎక్స్‌రే, డాప్లర్ అన్నీ ఒక్కొక్కటి పక్కన పెడుతూ వచ్చి ఈ పేరు చెప్పారు. ఇది కాదు, అది కాదు అని తీసేస్తూ పోతే మిగిలే జబ్బు ఇది. అందుకే టైమ్ పడుతుంది.

ఇది మనకు మాత్రమే కాదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో 2017 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్‌గా ఎంపికైన మార్కెల్ ఫల్ట్జ్ బంతి వేసే తీరే ఉన్నట్టుండి మారిపోయింది. మనసులో సమస్య అని చాలామంది తేల్చేశారు. 2018 డిసెంబర్‌లో నరాల రకం టీఓఎస్ అని బయటపడింది. తర్వాత ఆయన మళ్లీ ఆడాడు. బేస్‌బాల్ బౌలర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2021లో దీనికి ఆపరేషన్ చేయించుకున్నా, పాత స్థాయికి రాలేకపోయాడు. అంత పెద్ద వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లకే ఇద్దరికి రెండు ఫలితాలు. కాబట్టి ఎవరైనా "గ్యారంటీగా తగ్గిస్తాం" అంటే కాస్త ఆలోచించండి.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఫోన్ నోట్స్‌లో నాలుగు విషయాలు రాసుకుని పోండి: దెబ్బ ఎప్పుడు తగిలింది, ఏ వేళ్లు, చెయ్యి ఏ పొజిషన్‌లో ఉంటే ఎన్ని నిమిషాలకు మొదలవుతుంది, రాత్రి నిద్ర లేపుతుందా. చెయ్యి రంగు మారినప్పుడు ఒక ఫొటో తీసి పెట్టండి. డాక్టర్ గారి ముందు కూర్చునేసరికి రంగు మామూలైపోతుంది.

చికిత్స సంగతి

నరాల రకానికి ముందు ఫిజియోథెరపీయే. కొన్ని వారాల నుంచి నెలల దాకా పడుతుంది. నాకు మొదట నేర్పింది కడుపుతో ఊపిరి తీయడం. ఎందుకంటే పైపైన ఊపిరి తీస్తే మెడలోని స్కేలీన్ కండరాలే పక్కటెముకను పైకి లాగుతాయి. తర్వాత భుజం రెక్క వెనక కండరాలకు బలం, ఛాతీ ముందు కండరాలకు సాగదీత. యూట్యూబ్‌లో చూసి నరాలను గట్టిగా సాగదీసే ఎక్సర్‌సైజులు చేస్తే ఇంకా ఎక్కువయ్యే అవకాశం ఉంది. మీ చెయ్యి చూసిన మనిషి చెప్పినవే చేయండి. వాటికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఫోన్ చేసే మేలు పని అదొకటి.

తగ్గకపోతే, కండరాలు పల్చబడుతుంటే, మొదటి పక్కటెముక తీసేసే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. చంక వైపు నుంచి ఆ ఎముక తీసే పద్ధతిని డేవిడ్ రూస్ 1966లో వివరించారు. పైన చెప్పిన పరీక్ష కూడా ఆయన పేరు మీదే ఉంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, నరం దెబ్బతినడం లాంటి ప్రమాదాలు ఉన్న ఆపరేషన్ ఇది. ఇవి తరచూ చేసే సర్జన్ దగ్గర మాట్లాడి నిర్ణయించుకోవాలి. నేనింకా ఫిజియోతోనే నెట్టుకొస్తున్నా.

ఇలా ఉంటే ఆగొద్దు: చెయ్యి ఒక్కసారిగా వాచి నీలంగా మారినా, చల్లబడి తెల్లగా పాలిపోయినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సిరలో గడ్డ ఉంటే అది ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. "పొద్దున చూద్దాం" అనే రకం కాదు. బొటనవేలి కింద ఉబ్బు కండ తగ్గిపోతూ కనిపించినా, గ్లాసులు, ఫోన్ చేతిలోంచి జారిపోతున్నా త్వరగా చూపించుకోండి.

మా మాట

టీఓఎస్ ఉన్నవాళ్లకు ఏ ఫోన్ బెస్ట్ అని అడిగితే, స్టాండ్ మీద ఉన్న ఫోన్ బెస్ట్ అని నా సమాధానం. లక్ష రూపాయల తేలిక ఫోన్‌ను గాలిలో పట్టుకోవడం కంటే, పదిహేను వేల ఫోన్‌ను నాలుగు వందల స్టాండ్ మీద పెట్టి చేతులు ఒడిలో పెట్టుకోవడం మీ నరాలకు మంచిది. ముందు వాయిస్ టైపింగ్, వన్ హ్యాండెడ్ మోడ్ ఆన్ చేయండి. తర్వాత స్టాండ్, ఇయర్‌ఫోన్స్ తీసుకోండి. మిగతా డబ్బులు ఫిజియోథెరపీకి దాచుకోండి.

నాకు ఇప్పుడు తిమ్మిరి పూర్తిగా పోలేదు. కానీ రోజుకు ఎన్నిసార్లు వస్తుందో, ఎందుకు వస్తుందో తెలుసు. రివ్యూలు రాయగలుగుతున్నా. ఇకపై ఈ సైట్‌లో నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో బరువు పక్కన ఇంకో లైన్ కూడా ఉంటుంది: ఒక్క చేత్తో, మోచేయి ఆనించి, భుజం లేపకుండా ఈ ఫోన్ వాడొచ్చా లేదా అని.